హార్వర్డ్ తొలి జర్మన్ ప్రొఫెసర్: ఆ ఉద్యోగం ఎలా వచ్చింది, ఎలా పోయింది (కేస్ స్టడీ)

1835లో హార్వర్డ్‌లో జర్మన్ సాహిత్య ప్రొఫెసర్ పదవి ముగిసిపోయింది. ఎవరినీ తీసేయలేదు. ఐదేళ్ల గడువు అయిపోయింది, పొడిగించలేదు, అంతే. ఆ పదవిలో ఉన్న చార్ల్స్ ఫోలెన్‌కి అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. అక్కడ పదేళ్లుగా జర్మన్ చెబుతున్నాడు. అమెరికన్ కుర్రాళ్లు చదువుకోవడానికి జర్మన్ వాచకం, వ్యాకరణం రెండూ ఆయనే తయారుచేశాడు. క్లాసులు నిండుతున్నాయి. చెడ్డపేరు లేదు. అయినా ఉద్యోగం పోయింది.

మా దగ్గర జర్మన్ ఎం.ఏ. చదివే పిల్లలతో కెరీర్ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు నేను ఈ కేసునే బయటికి తీస్తాను. ఈ రోజుల్లో మన దగ్గర జర్మన్‌కి గిరాకీ బాగానే ఉంది. హైదరాబాద్‌లో నర్సులు, ఇంజినీర్లు, మాస్టర్స్‌కి వెళ్లే కుర్రాళ్లు ఏ1, బీ1, బీ2 అనే భాషా స్థాయి పరీక్షలంటూ కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నారు. కానీ యూనివర్సిటీలో జర్మన్ చెప్పే పని వేరు. అక్కడ పాఠం ఎంత బాగా చెప్పినా సరే, ఆ పోస్టు ఎవరి డబ్బుతో నడుస్తోంది, ఎంతకాలానికి ఇచ్చారు అన్న లెక్క వెనకాల ఎప్పుడూ ఉంటుంది. గెస్ట్ ఫ్యాకల్టీగా, ఏడాది కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఫోలెన్ కేసులో ఆ లెక్క మొత్తం తెరిచిన పుస్తకంలా కనిపిస్తుంది, అందుకే ఇది పాఠానికి పనికొస్తుంది.

వచ్చిన దారి

ఫోలెన్ అసలు భాషా పండితుడు కాదు, లా చదివినవాడు. 1796లో హెస్సె ప్రాంతంలోని రోమ్రోడ్‌లో పుట్టాడు. తండ్రి జడ్జి. గీసెన్ యూనివర్సిటీలో చదువుతూ, నెపోలియన్ మీద యుద్ధానికి వాలంటీరుగా వెళ్లివచ్చాడు. తిరిగొచ్చాక విద్యార్థి రాజకీయాల్లో తలమునకలయ్యాడు. ‘గీసెన్ నల్లవాళ్లు’ అని పేరుపడ్డ గుంపుకి ఆయనే నాయకుడు. నల్ల కోట్లు వేసుకునేవాళ్లు కాబట్టి ఆ పేరు. రాజులు పోవాలి, జర్మనీ అంతా ఒక్కటే రిపబ్లిక్ కావాలి అన్నది వాళ్ల మాట. దానికోసం హత్య చేసినా తప్పులేదన్నంత దూరం వెళ్లింది ఆయన వాదన.

1819 మార్చిలో కార్ల్ జాండ్ అనే విద్యార్థి మన్‌హైమ్‌లో నాటక రచయిత కోట్సెబూని పొడిచి చంపాడు. ఆ జాండ్ ఫోలెన్‌కి తెలిసినవాడు. అప్పటికి ఫోలెన్ యేనా యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాడు. పోలీసులు పట్టుకెళ్లి విచారించారు, జాండ్‌తో ఎదురెదురుగా నిలబెట్టి ప్రశ్నలు వేశారు, ఏమీ రుజువు కాలేదు. రుజువు కాకపోయినా యేనాలో ఉద్యోగం ఉండలేదు. స్ట్రాస్‌బుర్గ్, పారిస్, అక్కడి నుంచి స్విట్జర్లాండ్. కుర్ పట్టణంలో స్కూలు టీచరుగా ఉన్నాడు, మత విషయాల్లో ఆయన చెప్పేది అక్కడి పాస్టర్లకి నచ్చలేదు. బాజెల్ యూనివర్సిటీలో లా చెప్పాడు. 1824లో ప్రష్యా, దాని మిత్ర రాజ్యాలు ఆయన్ని మాకు అప్పగించండని బాజెల్ మీద ఒత్తిడి పెంచాయి. దొంగచాటుగా ఊరు దాటి ఫ్రాన్స్ రేవు ల హావ్ర్ చేరి ఓడ ఎక్కాడు.

ఇక్కడిదాకా నేను పిల్లలకి గబగబా చెప్పేస్తాను. గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: హార్వర్డ్ గడప తొక్కేనాటికే ఈ మనిషికి బోధన ఉద్యోగాలు మూడు పోయాయి, మూడూ పాఠం చెప్పడం చేతకాక పోయినవి కావు.

ఆయనతోపాటు అదే ఓడలో కార్ల్ బెక్ అనే స్నేహితుడు కూడా ఉన్నాడు. ఇతని పేరు మళ్లీ వస్తుంది.

ఎనిమిది మంది క్లాసు

1824 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో దిగేసరికి ఫోలెన్‌కి ఇంగ్లిష్ సరిగా రాదు. ఫిలడెల్ఫియాలో కూర్చుని నేర్చుకున్నాడు. ఆ ఏడాది ఫ్రెంచ్ వీరుడు లఫాయెట్ అమెరికా పర్యటనలో ఉన్నాడు. ఆయన రాసిచ్చిన పరిచయాల వల్ల ఫోలెన్ పేరు హార్వర్డ్‌లో జార్జ్ టిక్నర్ దాకా చేరింది. టిక్నర్ అక్కడ ఫ్రెంచ్, స్పానిష్ ప్రొఫెసర్. స్వయంగా గ్యోటింగెన్‌లో చదివొచ్చినవాడు. జర్మనీ వెళ్లకముందు, 1814 ప్రాంతంలో, జర్మన్ నేర్చుకుందామంటే బోస్టన్‌లో టీచరు దొరకలేదు, నిఘంటువు కోసం పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ దాకా మనుషుల్ని అడగాల్సి వచ్చింది. కాబట్టి ఈ లోటు ఎంతటిదో ఆయనకి అనుభవంలో ఉంది. 1825లో హార్వర్డ్‌లో ఆధునిక భాషల చదువుని సంస్కరిస్తున్న సమయంలో ఫోలెన్‌ని జర్మన్ ఇన్‌స్ట్రక్టర్‌గా తీసుకున్నారు.

మొదటి క్లాసులో ఎనిమిది మంది. అదీ బలవంతంగా కూర్చోబెట్టిన క్లాసు కాదు, ఇష్టమున్నవాళ్లు రావచ్చన్నారు, ఆ ఎనిమిది మందిని పోగుచేయడానికే కష్టపడ్డారు. వాళ్లలో ఒకడు ఆండ్రూ పీబాడీ. తర్వాతి కాలంలో హార్వర్డ్‌లోనే ప్రొఫెసర్ అయ్యాడు, ముసలితనంలో ఆ రోజుల్ని గుర్తుచేసుకుంటూ రాశాడు. తూర్పుదేశాల మారుమూల ఏ ఆటవిక తెగ మాటనో నేర్చుకుంటున్నవాళ్లని చూసినట్టు మమ్మల్ని చూసేవాళ్లని అతని మాటల సారాంశం. (తూర్పుదేశాల మారుమూల అంటే మన వైపే. మా క్లాసులో ఈ వాక్యం దగ్గర నవ్వు ఆగదు.)

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ కేసులో పనిమంతుడు కనిపించేది ఇక్కడే. పుస్తకాల షాపుల్లో జర్మన్ పుస్తకం ఒక్కటీ లేదు. దిగుమతి చేసుకున్న నోడెన్ వ్యాకరణం కాపీలు కొన్ని, ఒక చిన్న పాకెట్ నిఘంటువు కాపీలు కొన్ని, అంతే సరంజామా. చదవడానికి వాచకం లేదు. ఫోలెన్ ఏం చేశాడంటే, వాచకాన్ని తానే కూర్చుతూ, క్లాసు ఎంతవరకు వచ్చిందో అంతవరకు అచ్చువేయించి విడి కాగితాలుగా పంచాడు. పుస్తకం పూర్తయ్యేదాకా ఆగలేదు. ఆ కాగితాలు కూడా జర్మన్ వాళ్లు వాడే గోథిక్ లిపిలో లేవు, మామూలు రోమన్ అక్షరాల్లో ఉన్నాయి. కారణం, దగ్గర్లో ఎక్కడా జర్మన్ టైపు దొరకలేదు.

కాగితాలు కాపీ తీయించుకుని క్లాసుకి పరిగెత్తిన ఏ గెస్ట్ లెక్చరర్‌కైనా ఇది తెలిసిన పనే. కానీ ఎంపిక చూడండి. ఆ కాగితాల్లో షిల్లర్, గేటే, హెర్డర్ ఉన్నారు. మొదటి ఏడాది పిల్లలకి ‘ఇది బల్ల, అది కిటికీ’ దగ్గర ఆపేయకుండా నేరుగా పెద్దవాళ్ల రచనల దగ్గరికి తీసుకెళ్లాడు. వాటితోపాటు, 1813 యుద్ధంలో చనిపోయిన కుర్ర కవి థియోడోర్ క్యోర్నర్ రాసిన యుద్ధగీతాలు చేర్చాడు. ఫోలెన్ వాటిని చదువుతుంటే విన్న అనుభవం అరవై ఏళ్లకి కూడా పీబాడీకి చెక్కుచెదరలేదు. మరి ఆ యుద్ధంలోకి వెళ్లొచ్చినవాడే కదా చదువుతున్నది. సిలబస్‌లో తనకి ప్రాణమైన ముక్క ఒకటి పెట్టుకోవడం టీచరుకి ఉన్న హక్కు, క్లాసుకి అదే ఊపిరి అని నా అభిప్రాయం. పరీక్ష మార్కుల కోసం మాడల్ పేపర్లే రుద్దే బీ1 క్లాసుల్లో మనం పోగొట్టుకున్నది ఇదే.

ఆ విడి కాగితాలే 1826లో వాచకంగా వచ్చాయి. 1828లో వ్యాకరణం వచ్చింది. ఆ వ్యాకరణం తర్వాత ఎన్నోసార్లు పునర్ముద్రణ పొందింది.

ఒక ఉద్యోగం, నాలుగు పనులు

జర్మన్ ఒక్కటే చెబితే పూట గడవదు. 1826లో ఫోలెన్ హార్వర్డ్‌లో జిమ్నాస్టిక్స్ మొదలుపెట్టాడు. జర్మనీలో యాన్ అనే ఆయన ప్రచారం చేసిన వ్యాయామ పద్ధతి ఇది. అమెరికన్ కాలేజీల్లో అలాంటి వ్యాయామశాల పెట్టడం అదే మొదలు. బోస్టన్ పట్టణంలో కూడా ఒకటి నడిపాడు, దాన్ని తర్వాత మరో జర్మన్ శరణార్థి ఫ్రాన్సిస్ లీబర్‌కి అప్పగించారు. మొదట్లో కుర్రాళ్లు ఎగబడ్డారు, కొన్నాళ్లకి మోజు తీరిపోయింది. 1828లో హార్వర్డ్‌లోనే పాస్టర్లని తయారుచేసే డివినిటీ స్కూల్లో నీతిశాస్త్రం, చర్చి చరిత్ర చెప్పే పని కూడా ఇచ్చారు. బయట లా గురించి ఉపన్యాసాలు కూడా ఇచ్చాడు.

అదే ఏడాది బోస్టన్‌లో పేరున్న కుటుంబానికి చెందిన ఎలైజా కాబట్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె స్వయంగా రచయిత్రి. 1830లో అమెరికా పౌరసత్వం వచ్చింది, కొడుకు పుట్టాడు. ఆ పిల్లాడి కోసం ఇంట్లో క్రిస్మస్ చెట్టు పెట్టి కొవ్వొత్తులు వెలిగించారు. ఇంగ్లిష్ రచయిత్రి హారియెట్ మార్టినో దాన్ని చూసి రాసింది. అందువల్ల అమెరికాకి క్రిస్మస్ చెట్టు తెచ్చింది ఈయనే అని ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అది నిజం కాదు, పెన్సిల్వేనియాలో స్థిరపడ్డ జర్మన్ల ఇళ్లలో అంతకుముందే ఉంది. ఫోలెన్ గురించి ఎవరికైనా ఏదైనా తెలిస్తే ఈ చెట్టు సంగతే తెలుసు. పదేళ్లు పాఠం చెప్పినవాడికి చివరికి దక్కిన పేరు అది.

ఐదేళ్ల ఏర్పాటు

1830లో జర్మన్ సాహిత్యానికి ప్రొఫెసర్ పదవి ఏర్పాటైంది. ఇక్కడే మెలిక ఉంది. కాలేజీ తన సొంత నిధితో శాశ్వతంగా పెట్టిన పీఠం కాదిది. జీతంలో కొంత భాగం ఐదేళ్లపాటు మేం ఇస్తామని బోస్టన్ సంపన్నులు కొందరు హామీ ఇచ్చారు. వాళ్లంతా ఫోలెన్ స్నేహితులు, పెళ్లితో ఆయన అడుగుపెట్టిన వర్గంవాళ్లు. ఐదేళ్లు గడిచాక కాలేజీయే చూసుకుంటుందిలే అన్న ఆశ మీద అంతా నడిచింది.

కాగితం మీద ఆయన ప్రొఫెసర్. ఉద్యోగం స్వరూపం చూస్తే ఐదేళ్ల కాంట్రాక్టు.

1831లో పదవీ స్వీకార ప్రసంగం చేశాడు. ఆ రోజుల్లో బోస్టన్ పెద్దమనుషుల్లో జర్మన్ పుస్తకాల మీద భయం ఉండేది. అవి చదివితే కుర్రాళ్లు దేవుణ్ణి నమ్మరని, ఆలోచనలు మబ్బుగా తయారవుతాయని అనుకునేవాళ్లు. ఫోలెన్ దానికి జవాబు చెబుతూ జర్మన్ సాహిత్యం తరఫున గట్టిగా నిలబడ్డాడు. షిల్లర్ జీవితం, నాటకాల మీద ఊళ్లో ఉపన్యాసాలిచ్చాడు. అమెరికన్ రచయిత, ఆలోచనాపరుడు ఎమర్సన్ తరం వాళ్లకి జర్మన్ ఆలోచన మీద ఆసక్తి పెరిగిన కాలం ఇదే. దానికి ఫోలెన్ ఒక్కడే కారణం అనలేం, కానీ ఆ తలుపు తీసినవాళ్లలో ఆయన ముందువరసలో ఉన్నాడు.

బానిసత్వం మీద మాట

1834లో ఫోలెన్ న్యూ ఇంగ్లండ్ బానిసత్వ వ్యతిరేక సంఘంలో చేరాడు. పేరుకి చేరి ఊరుకోలేదు. సంఘం తరఫున అమెరికా ప్రజలకి విజ్ఞప్తి రాయడంలో ముఖ్యపాత్ర తీసుకున్నాడు, సభల్లో మాట్లాడాడు. అప్పటి బోస్టన్‌ని దృష్టిలో పెట్టుకోవాలి. బానిసత్వం దక్షిణాది సంగతే, కానీ ఆ పత్తి నేసే మిల్లులు ఉత్తరాదివి, ఆ సరుకు మోసే ఓడలు ఉత్తరాదివి. ఇంటి భోజనానికి పిలిచి గౌరవించే పెద్దమనుషులకి బానిసత్వం మంచిది కాదని లోపల తెలుసు, పైకి అనడం మర్యాద కాదు. 1835 ఆగస్టులో బోస్టన్ ఫ్యానూల్ హాల్లో ఊరి ప్రముఖులు బానిసత్వ వ్యతిరేకుల్ని ఖండిస్తూ సభ పెట్టారు. అక్టోబర్‌లో ఒక గుంపు పత్రికా సంపాదకుడు గ్యారిసన్‌ని తాడుతో వీధిలో ఈడ్చింది.

మరుసటి ఏడాది మార్చిలో, బానిసత్వ వ్యతిరేక సంఘాల నోరు నొక్కే చట్టం ఆలోచన వచ్చినప్పుడు, మసాచుసెట్స్ శాసనసభ కమిటీ ముందు ఫోలెన్ మాట్లాడాడు. ఫ్యానూల్ హాల్ సభ వల్లే గుంపు రెచ్చిపోయిందని మొహం మీదే అన్నాడు. కమిటీ అధ్యక్షుడు ఆపించేశాడు. హార్వర్డ్ ఉద్యోగం అప్పటికే పోయింది కాబట్టి ఇక పోయేది లేదనుకోవచ్చు, కానీ ఉద్యోగం ఉన్నప్పుడూ ఆయన తీరు ఇంతే.

ఎందుకు పోయింది

చరిత్రకారుల దగ్గర రెండు మాటలున్నాయి. మొదటిది, బానిసత్వం మీద నోరు తెరిచినందుకు డబ్బిచ్చేవాళ్లు, కాలేజీ పెద్దలు మొహం చాటేశారన్నది. భార్య ఎలైజా రాసిన జీవిత చరిత్ర ఈ వైపే మొగ్గుతుంది. రెండోది, అప్పటి హార్వర్డ్ ప్రెసిడెంటు జోసయా క్విన్సీతో వచ్చిన తేడా. 1834లో హార్వర్డ్ విద్యార్థులు తిరగబడ్డారు, కిటికీలు పగలగొట్టారు, క్విన్సీ కఠినంగా అణిచివేశాడు. ఆ క్రమశిక్షణ పద్ధతి ఫోలెన్‌కి నచ్చలేదు, నచ్చలేదని చెప్పాడు కూడా. ఇరవయ్యేళ్ల వయసులో స్వయంగా విద్యార్థుల తిరుగుబాటు నడిపినవాడికి నచ్చుతుందని అనుకోవడమే పొరపాటు.

నా అంచనా ఏమిటంటే, ఈ రెండిట్లో ఏది అసలు కారణమని వాదించుకోవడం వల్ల పెద్ద ఉపయోగం లేదు. శాశ్వత పీఠం అయి ఉంటే ఈ రెండు కారణాలు చాలవు. తీసేయాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, కారణం రాయాలి, మాట పడాలి. గడువుతో కూడిన పోస్టుకి అవేవీ అక్కర్లేదు, ఎవరూ ఏమీ చేయకుండా ఊరుకుంటే చాలు. తొలగించడానికి కావలసిన ధైర్యం వేరు, పొడిగించకపోవడానికి ధైర్యమే అవసరం లేదు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లలో చాలామంది మీటింగుల్లో నోరు ఎందుకు మెదపరో ఇందులోనే తెలుస్తుంది. దానికి ఎవరి మీదా నేరం మోపలేం, ఇంట్లో ఈఎంఐలు ఉంటాయి.

ఇక్కడ ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఫోలెన్ జర్మన్‌కి గిరాకీ పుట్టించాడు. గిరాకీ ఒకసారి పుట్టాక ఆ పని చేయడానికి ఫోలెన్ అంతటివాడే ఉండక్కర్లేదు. ఆయన వెళ్లాక హెర్మన్ బోకుమ్ అనే ఇన్‌స్ట్రక్టర్ జర్మన్ చెప్పాడు, హోదా తక్కువ. 1836లో కవి లాంగ్‌ఫెలో ఆధునిక భాషల ప్రొఫెసర్‌గా వచ్చాడు, ఇది టిక్నర్ ఖాళీ చేసిన శాశ్వత పీఠం. జర్మన్ కూడా ఆయన పర్యవేక్షణ కిందికే వచ్చింది. గేటే మీద లాంగ్‌ఫెలో ఇచ్చిన ఉపన్యాసాలు పేరుపొందాయి. అంటే సబ్జెక్టు నిలిచింది, దాన్ని నాటిన మనిషి నిలవలేదు.

తర్వాత

ఫోలెన్ యూనిటేరియన్ చర్చిలో (త్రిత్వాన్ని ఒప్పుకోని ఉదార క్రైస్తవ శాఖ) పాస్టర్ అయ్యాడు. అదే శాఖలో పేరున్న బోస్టన్ పాస్టర్ విలియం ఎలరీ చానింగ్ ఆయనకి ఆప్తుడు. న్యూయార్క్‌లో ఒక చర్చి సంఘానికి 1836 నుంచి 1838 దాకా పాస్టర్‌గా ఉన్నాడు. అక్కడా బానిసత్వం మీద మాట్లాడాడు, అక్కడా కొందరికి గిట్టలేదు, అక్కడా కొనసాగలేదు. చివరికి బోస్టన్ దగ్గర ఈస్ట్ లెక్సింగ్టన్‌లో చిన్న సంఘం దొరికింది. వాళ్ల కోసం ఎనిమిది మూలల చర్చి భవనానికి తానే నమూనా గీశాడు. దాని ప్రారంభోత్సవానికి న్యూయార్క్ నుంచి వస్తూ 1840 జనవరి 13న లెక్సింగ్టన్ అనే స్టీమరు ఎక్కాడు. డెక్ మీద పత్తి బేళ్లు ఉన్నాయి. అర్ధదారిలో అవి అంటుకున్నాయి. ఓడలో సుమారు నూట నలభై మంది, బతికి బయటపడింది నలుగురు. వాళ్లలో ఫోలెన్ లేడు.

సంస్మరణ సభ పెట్టుకోవడానికి చానింగ్ తన సొంత చర్చిని అడిగితే, దాని యజమానులు ఇవ్వమన్నారు. కొన్ని నెలల తర్వాత వేరే హాల్లో జరిగింది. ఎలైజా ఆయన రచనలన్నీ ఐదు సంపుటాలుగా 1841–42లో తెచ్చింది. మొదటి సంపుటం ఆమె రాసిన జీవిత చరిత్రే. ఈ కేసు గురించి మనకి తెలిసినదాంట్లో పెద్ద వాటా ఆమె పుణ్యమే, కాబట్టి ఆమె భర్త పక్షం వహించిందన్నది గుర్తుపెట్టుకునే చదవాలి.

బెక్ సంగతి

ఓడలో తోడు వచ్చిన కార్ల్ బెక్‌ని ఇప్పుడు పక్కన పెట్టి చూడాలి. అదే దేశం, అదే రాజకీయ నేపథ్యం, అదే ఓడ. బెక్ నార్తాంప్టన్‌లోని రౌండ్ హిల్ స్కూల్లో లాటిన్, జిమ్నాస్టిక్స్ చెప్పాడు, 1832లో హార్వర్డ్‌లో లాటిన్ ప్రొఫెసర్ అయ్యాడు. 1850 దాకా ఉండి, తానే వదులుకున్నాడు. తర్వాత మసాచుసెట్స్ శాసనసభకి కూడా ఎన్నికయ్యాడు. లాటిన్ అప్పటి కాలేజీకి పునాది, అది చెప్పే పోస్టు ఉండాలా వద్దా అని ఎవరూ అడగరు. జర్మన్ కొత్త ముచ్చట, దాతల దయ. ఫోలెన్ లాటిన్ చెప్పి ఉంటే బానిసత్వం మీద అవే మాటలు అన్నా నెట్టుకొచ్చేవాడేమో. బెక్ జర్మన్ చెప్పి, నోరు మూసుకుని ఉన్నా ఐదేళ్ల తర్వాత అతని పోస్టుకి గ్యారంటీ ఉండేది కాదేమో. అందుకే నేను ఈ కేసుని ధైర్యవంతుడు, జాగ్రత్తపరుడు అని ఇద్దరు మనుషుల కథగా చెప్పను. రెండు రకాల పోస్టుల కథగా చెబుతాను.

ఈ పోలిక దగ్గర మా పిల్లలు రెండుగా చీలిపోతారు. ఎక్కువమంది ‘బెక్ లాగా ఉండాలి సార్, పీహెచ్‌డీ అయ్యాక పర్మనెంట్ వచ్చేదాకా గమ్మున ఉండి, తర్వాత ఏదైనా మాట్లాడొచ్చు’ అంటారు. వెనక బెంచీలో ఒకరిద్దరు ఫోలెన్ పక్షం. నేను అడిగే ప్రశ్న వేరే: రేపు మీకు ఏదైనా యూనివర్సిటీ నుంచి జర్మన్ పోస్టుకి ఆఫర్ వస్తే, సిలబస్ కంటే ముందు ఏం అడుగుతారు? ఆ పోస్టు మంజూరైందా లేక ప్రాజెక్టు డబ్బా, డబ్బు ఏ సంవత్సరం దాకా ఉంది, తర్వాత ఎవరు భరిస్తారని రాతపూర్వకంగా ఉందా? ఫోలెన్ 1830లో ఈ మూడో ప్రశ్న అడిగి ఉంటే జవాబు ఏమొచ్చేదో చెప్పమంటాను. దాని మీద రెండు పేజీలు రాసుకొచ్చి ఇవ్వాలి, వచ్చే శుక్రవారం లోపల.